ఆ సాంబారు బకెట్ ఎవరిది?

కరోనా కాలంలో తిరుపతి హోటళ్ళు ఎట్లా నెట్టుకొచ్చాయో చెప్పమని ఇన్నేళ్ళలో చాలామందిని అడిగారు. ఓనర్లను అడిగారు. వంటమాస్టర్లను అడిగారు. బండ్ల మీద పార్సిళ్ళు తిప్పిన కుర్రాళ్ళను కూడా అడిగి ఫొటోలు వేశారు. సప్లయర్‌ను మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నాకు నేనుగా చెప్పడానికి వెళ్ళినా వినలేదు. ఒక పేపర్ ఆఫీసులో కబురు చేస్తామన్నారు, చేయలేదు. హోటళ్ళవాళ్ళ మీటింగులో మైకు నా ముందు వరసదాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి మళ్ళింది. మైకు పట్టుకున్న మనిషి నన్ను చూడలేదని అనుకోవడానికి లేదు. చూశాడు, చూసే తిరిగాడు. ఆయన చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది. సరే, ఎవరూ అడగనప్పుడు నేనే రాస్తాను.

కౌంటరు దగ్గర టోకెన్ తీసుకుని, ట్రే పట్టుకుని వరసలో నిలబడడం అలవాటైన పిల్లలు దీన్ని చదివితే, సప్లయర్ అంటే ఎవరో ముందు చెప్పాలి. హోటల్లో మీరు కూర్చున్న చోటికి వచ్చి వడ్డించే మనిషిని సప్లయర్ అనేవాళ్ళం. తిరుపతి బస్టాండు వెనక వీధిలో ఒక మీల్స్ హోటల్లో నేను సప్లయర్‌గా చేరి, సప్లయర్లందరికీ పెద్దగా మారి, అక్కడే ముసలివాణ్ణయ్యాను. ఇప్పటి ఓనరు వాళ్ళ నాయన పెట్టిన హోటల్ అది. ఇప్పటి ఓనరు నిక్కరు వేసుకుని గల్లాపెట్టె పక్కన కూర్చున్న రోజుల్లో వాడికి ముద్ద కలిపి పెట్టింది నేను. ఈ మాట వాడికి నచ్చదు. అయినా రాస్తున్నాను.

ఫుల్ మీల్స్ వడ్డించడం అన్నం తెచ్చి పోసి పోవడం కాదు. మొదటి విడత తక్కువ పెట్టాలి. ఒకేసారి గుట్టలా పెడితే తినేవాడికి చూడగానే కడుపు నిండుతుంది, సగం వదిలేస్తాడు, చివరికి వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. అందుకని కాస్తే పెట్టి, దూరంగా నిలబడి కనిపెట్టుకుని, పప్పు అయిపోయే సమయానికి మళ్ళీ వెళ్ళి, "ఇంకొంచెం అన్నం, స్వామీ?" అని అడగాలి. వద్దని చెయ్యి అడ్డం పెడతారు. ఇంకొకసారి అడగాలి. రెండోసారి అడిగితే తప్ప ఒప్పుకోని మనుషులుంటారు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. ఆ రెండోసారి అడగడంలోనే మా పనంతా ఉంది. దాన్నే మారు వడ్డన అంటాం.

మా హోటల్‌కు ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు కారు. కొండకు వెళ్ళేవాళ్ళు, కొండ దిగినవాళ్ళు, రైలుకు ఇంకా టైమున్నవాళ్ళు వచ్చేవాళ్ళు. ఈ రోజు వడ్డించిన మనిషిని మళ్ళీ చూస్తామనే లెక్క మాకు లేదు. వంట కూడా అట్లాగే ఉండేది, ఏ రాష్ట్రం వాడికీ కోపం రాకుండా, ఏ రాష్ట్రం వాడూ గుర్తు పెట్టుకోకుండా. మా వంటమాస్టరు తమిళ పొలిమేర మనిషి. వండేవాడే హోటల్ అని అతని నమ్మకం, వడ్డించేవాడే హోటల్ అని నాది. మా ఇద్దరి మధ్యా ఆ గొడవ ఎప్పుడూ నడుస్తూనే ఉండేది.

కొండ మీద దర్శనాలు ఆపేశారని తెలిసిన మర్నాడు మా టేబుళ్ళు ఖాళీ అయిపోయాయి. ఆ వెంటనే అన్నీ మూసేయమన్నారు. ఓనరు మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. మేం వడ్డించే కుర్చీల్లో మేం కూర్చోవడం అదే మొదలు. ఎవరికీ ఆనుకుని కూర్చోవడం చేతకాలేదు.

"ఎవురూ బయపడొద్దప్పా," అన్నాడు ఓనరు. "ఊళ్ళకు పోండి, జాగర్తగా ఉండండి. మళ్ళా తెరిచిన దినం మీ అందర్నీ నేనే పిలిపిస్తా. వేరే యాడా పనికి ఒప్పుకోవద్దు."

"అందర్నీనా?" అన్నాను. ఎవరో ఒకరు అడగాలి కదా.

"ఒక్కడు తగ్గితే నువ్వు నన్నడుగన్నా," అన్నాడు, నా భుజం మీద చెయ్యి వేసి.

ఆ మాట నమ్ముకుని అందరూ మూటలు సర్దుకున్నారు. వాళ్ళలో పుత్తూరు నుంచి వచ్చిన సప్లయర్ ఒకడు ఉండేవాడు. పొడుగ్గా ఉంటాడు, రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని వరసల మధ్య నడిస్తే చుక్క కింద పడనివ్వడు. హోటల్ మూసినన్నాళ్ళూ వాడు నాకు ఫోన్ చేసేవాడు. మొదట్లో "ఎప్పుడు రమ్మంటారన్నా?" అని అడిగేవాడు. తర్వాత మామిడికాయల కాలం వచ్చింది. వాళ్ళ దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీలో మనుషులు కావాలన్నారని, సీజన్ అయిపోయినా ఉంచుకుంటామన్నారని ఒకరోజు చెప్పాడు.

"పొమ్మంటావాన్నా?"

"ఓనరు మాటిచ్చినాడు గదప్పా," అన్నాను.

"నువ్వు చెప్తే సరే," అన్నాడు. ఫ్యాక్టరీకి రానని చెప్పేశాడు.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఇక్కడి నుంచి నేను చేసినదంతా, సప్లయర్ లేకుండా ఈ హోటల్ నడవదని ఓనరు కళ్ళతో చూసేట్టు చేయడానికే చేశాను.

కొన్నాళ్ళకు పార్సిళ్ళు మాత్రం ఇచ్చుకోవచ్చన్నారు. షట్టరు సగం ఎత్తి, బయట సుద్దతో గుండ్రాలు గీసి మొదలుపెట్టాం. ఓనరు, వంటమాస్టరు, ఊళ్ళోనే ఉంటాను కాబట్టి నేను. యాత్రికులు లేరు. ఇక మా వీధివాళ్ళే కొనాలి. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నా మా గడప తొక్కనివాళ్ళు. మాస్టరు వండేవాడు, నేను కట్టేవాణ్ణి.

మొదటి వారం తిరక్కుండానే, వీధి మధ్యలో ఉండే రిటైరైన టీచరమ్మ పార్సిల్ చేత్తో పట్టుకుని వచ్చి గుండ్రంలో నిలబడింది. భర్త కాలు సరిగా లేని మనిషి, బయటి పనులన్నీ ఆమే చూసుకునేది. బడిలో గొంతు ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది.

"ఏమప్పా, ఈ అన్నం మనిషికా, పిల్లికా?"

ఓనరు పొట్లం విప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వెనక నుంచి వంటమాస్టరు నవ్వాడు.

"నేను వండింది వండినట్టే ఉండాది సామీ పెద్దగిన్నెలో. పొట్లంలోకి ఎందుకు పోలేదో ఈయన్నే అడుగు."

నేను దొంగచాటుగా తగ్గించానని ఆ నవ్వుకు అర్థం. ఇప్పటికీ మరిచిపోలేదు. అక్కడ జరిగింది వేరు. నా చెయ్యి ఎంత తియ్యాలో అంతే తీసింది. బతుకంతా మొదటి విడత వడ్డించిన చెయ్యి అది. ఆకు కనబడినా కాగితం కనబడినా దానికి ఒకటే కొలత. దాన్ని పొరపాటు అన్నవాళ్ళున్నారు. నేను అనను. పని తెలిసిన చెయ్యి అట్లాగే ఉంటుంది.

"అది మొదటి వడ్డన టీచరమ్మా," అన్నాను.

"రెండోది?"

"హోటల్లో కూర్చుంటే మేమే తెచ్చి అడుగుతాం."

"మీరు కూర్చోనియ్యరు గదా. మా ఇంట్లో కూర్చున్నా. రాలేదే?"

ఓనరు ఆమెకు ఇంకో పొట్లం ఇచ్చి పంపించాడు. ఆమె వెళ్ళాక నాకు చీవాట్లు పెట్టాడు. రేపటి నుంచి పొట్లం నిండా కట్టమన్నాడు. నిండా కడితే అన్నం ముద్దైపోతుంది, సాంబారుకు చోటుండదు, ఆకలి చిన్నదైన ముసలివాళ్ళు పారేస్తారు అన్నాను. మరేం చేద్దామన్నాడు.

"ఆమె చెప్పినట్టే చేద్దాం. వాళ్ళు కూర్చున్న చోటికి మనమే పోదాం. మారన్నం బకెట్లో తీసుకుని వీధిలో తిరుగుతా."

"పోలీసోళ్ళు ఊరుకుంటారాన్నా?"

"మూతికి గుడ్డ కట్టుకుంటా. గడప దాటను. గిన్నె వాకిట్లో పెట్టి వాళ్ళు లోపలికి పోతే, పైనుంచి పోస్తా."

"కానియ్యన్నా, సూద్దాం," అన్నాడు అతను. ఈ మాట నేను కల్పించింది కాదు. వంటమాస్టరు అక్కడే పోపు వేస్తూ విన్నాడు. ఈ ఆలోచన టీచరమ్మదని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను. నాదన్నా ఒప్పుకుంటాను. మూడో మనిషిదంటే మాత్రం ఒప్పుకోను.

మొదటి రోజు మధ్యాహ్నం ఒక చేతిలో అన్నం బకెట్, ఒక చేతిలో సాంబారు బకెట్ పట్టుకుని వీధిలోకి దిగాను. ఎండ మండిపోతోంది. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. గరిటెతో బకెట్ మీద కొట్టి, "మారన్నం! సాంబార్!" అని అరిచాను. నాకే సిగ్గేసింది. హోటల్లో అరవడం వేరు.

ఒక మేడ మీద కిటికీ తెరుచుకుంది. "ఏందయ్యా అది?"

"మారన్నం సార్. పార్సిల్ తీసుకున్నారు గదా."

"మళ్ళా దానికెంత?"

"దానికేం లేదు సార్. ఫుల్ మీల్స్ గదా."

ఆయన నమ్మలేదు. కాసేపు నన్నూ బకెట్‌నూ మార్చి మార్చి చూసి, తాడుకు క్యారియర్ గిన్నె కట్టి కిందికి వదిలాడు. నేను గరిటె ఎత్తి పోస్తుంటే, "ఇంకొంచెం వంచబ్బా, అడుగునుండే ముక్కలు రానీ," అని మేడ మీద నుంచే చెప్పాడు. అది చూసి పక్క ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. పార్సిల్ తీసుకోని ఒకాయన కూడా గిన్నె పెట్టాడు.

"మీరు పార్సిల్ తీసుకోలేదు గదా సార్."

"రేపు తీసుకుంటా పోయ్యబ్బా, ఇంత పంచాయితీ దేనికి?"

పోశాను. మర్నాడు నిజంగానే తీసుకున్నాడు.

టీచరమ్మ వాకిట్లో గిన్నె పెట్టలేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇంకొంచెం అన్నమా టీచరమ్మా అంటే చాలంది. అలవాటు కొద్దీ ఇంకోసారి అడిగాను. అప్పుడు లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి పెట్టి, దూరంగా జరిగింది.

"ఇన్నేళ్ళు ఆయనకూ ఇంటికొచ్చినోళ్ళకూ నేనే వడ్డించినా," అంది. "నన్ను మారు అడిగినోళ్ళు లేరబ్బా. బాగుండాది, అడిగితే."

ఆమె అన్నది నవ్వుతూనే. నేను ఇంకో గరిటె పోశాను.

ఒక వీధి రెండు వీధులైంది. యాత్రికులకు వడ్డించినప్పుడు లేని కష్టం ఒకటి వచ్చిపడింది. వీళ్ళు రేపు కూడా ఇక్కడే ఉంటారు, రుచి చెప్తారు. సాంబారు తియ్యగా ఉందని, పప్పుకు పులుపు చాలదని, చారు నీళ్ళలా ఉందని చెప్పేవాళ్ళు. అన్నీ మోసుకొచ్చి వంటమాస్టరుకు అప్పజెప్పేవాణ్ణి. నాకు అదొక సంతోషం.

"టీచరమ్మ మీ సాంబారును పాయసం అనుకునిందంట మాస్టరూ."

"ఆయమ్మనొచ్చి వండమను. గరిటె నీ చేతిలోనే ఉండాది గదా, నువ్వే పో వండు," అని అరిచాడు. మర్నాడు సాంబారులో బెల్లం లేదు. ఆ తర్వాత మిరియాల చారు వచ్చింది. ఒకరోజు రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి కూడా వచ్చింది, వేయించిన శెనగవిత్తనాలూ ఎండుమిరపకాయలూ వేసి. ఆ హోటల్ పెట్టినప్పటి నుంచి మా ఊరి రుచి మా హోటల్లో అదే మొదటిసారి. పొయ్యి ఆరకుండా నిలబెట్టింది ఆ రుచీ, మారు వడ్డనా.

ఓనరు తనంతట తనే పుత్తూరు వాణ్ణి పిలిపించమన్నాడు. వాడు పాలవ్యాను ఎక్కి వచ్చాడు. కాణిపాకం వైపు నుంచి ఇంకో సప్లయర్ వచ్చాడు. ముగ్గురం మూడు వీధులు పంచుకున్నాం. మిగిలినవాళ్ళకు ఫోన్ చేసి, ఇంకెంతో దూరం లేదు, అందరం వచ్చేస్తాం అని చెప్పాను. పుత్తూరు వాడు బకెట్ కడుగుతూ, "ఫ్యాక్టరీకి పోకపోవడం మంచిదైందన్నా," అన్నాడు.

తర్వాత ఆ రోజు వచ్చింది. ఉదయం టీచరమ్మ ఇంటి ముందు అంబులెన్సు ఆగిందని మాకు తెలియదు, వంటింట్లో ఉన్నాం. మధ్యాహ్నం బకెట్లు పట్టుకుని బయటికి వచ్చేసరికి వీధికి అడ్డంగా కర్రలు కడుతున్నారు. ఒక కానిస్టేబులు చెయ్యి చాపి ఆపాడు.

"యాడికప్పా బకెట్లు?"

"మారన్నం సార్. రోజూ పోస్తాం."

నా మాట పూర్తికాకముందే మేడ మీద నుంచి అరుపు వినబడింది. "ఆ బకెట్‌తోనే వచ్చింది సార్! ఇంటింటికీ ఒకటే గరిటె! టీచరమ్మను తీసుకపోయినారు, రేపు మమ్మల్ని!" అరిచింది ఎవరనుకున్నారు? తాడు కట్టి గిన్నె దించినాయనే. అడుగు ముక్కలు అడిగినాయనే.

కానిస్టేబులు ఓనరును పిలిపించాడు. ఓనరు వచ్చి షట్టరు నీడలో నిలబడ్డాడు, ఎండలోకి రాలేదు.

"నీ మనుషులేనా?"

"నేను పార్సిళ్ళు మాత్రమే ఇస్తాండా సార్. ఈ బకెట్లతో నాకు సంబంధం లే. ఆయప్ప సొంతంగా చేస్తాండాడు. చెప్తే వినడు."

నేను అతని ముఖంలోకి చూశాను. అతను బకెట్ వంక చూస్తున్నాడు. పుత్తూరు వాడు నా పక్కనే బకెట్లు దించకుండా నిలబడ్డాడు.

అప్పుడు వెనక నుంచి వంటమాస్టరు వచ్చాడు, భుజం మీద తువ్వాలుతోనే.

"సామీ, అన్నం వండింది నేను. బకెట్లో పోసింది నేను. ఈయప్ప మోసినాడు, అంతే. ఈయన్ని తీసకపోతే నన్ను కూడా తీసకపోండి."

అన్నేళ్ళూ నన్ను దెప్పిన మనిషి. నేనూ తక్కువ తినలేదనుకోండి. కానిస్టేబులు పొద్దున్నుంచి ఎండలో నిలబడి ఉన్నాడు. చిరాకుగా చెయ్యి విదిలించాడు.

"మీ వంటలూ వడ్డనలూ నాకెందుకప్పా. ఎవురూ యాడికీ పోయేది లే. లోపలికి పోండి, పరీక్షకు మనుషులొస్తారు."

మా అందరికీ పరీక్షలు చేసి, కొన్నాళ్ళు ఒకచోట ఉంచి, ఏమీ లేదని పంపించారు. టీచరమ్మకు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేదు. మా గరిటె నుంచి కాదని నేను ఎంత గట్టిగా చెప్పగలను? గరిటె ఏ గిన్నెకూ తగలనివ్వలేదని చెప్పగలను. అంతకు మించి ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. మమ్మల్ని ఉంచిన గది కిటికీ దగ్గర కూర్చుని దాన్ని గురించే ఆలోచించేవాణ్ణి. ఆమె తిరిగి రాకపోతే ఆ బకెట్ మళ్ళీ ముట్టుకోగలనా అనుకునేవాణ్ణి. పుత్తూరు వాడు, కాణిపాకం వాడు అక్కడి నుంచే ఊళ్ళకు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు పుత్తూరు వాడు, ఓనరు పోలీసు ముందు అన్న మాట ఎత్తలేదు. "తెరిస్తే పిలవన్నా," అన్నాడు.

ఆమె తిరిగి వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. కర్రలు విప్పిన కొన్నాళ్ళకు హోటల్‌కు ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను.

"మారన్నం ఎందుకు నిలిపేసినారప్పా?"

"వీధిలోవాళ్ళు వద్దన్నారు టీచరమ్మా."

"ఎవురు వద్దన్నారో చెప్పు."

చెప్పాను. ఎందుకు చెప్పకూడదు? ఆమె గేటు పట్టుకుని నిలబడి ఆ మేడాయన్ని పిలిచింది. నేను షట్టరు దగ్గర నుంచి విన్నాను.

"ఆస్పత్రిలో అన్నం ప్యాకెట్ తలుపు కింద నుంచి తోసేవాళ్ళయ్యా. సాలిందా అని అడిగేవాళ్ళు లేరు. వాళ్ళకూ బయమే, తప్పనను. ఈ మనిషి అడుగుతాంటే నువ్వు వద్దంటివే. నీకొద్దంటే గిన్నె పెట్టొద్దు. మాకు రానీ."

మేడాయన తాడు మళ్ళీ కిందికి రావడానికి ఇంకో వారం పట్టింది. గరిటె ఎత్తి పోయాలని షరతు పెట్టాడు. మొదటి రోజు నుంచీ నేను చేస్తున్నదే అది!

ఆ సమయంలోనే ఎవరో పేపర్లో రాశారు, వీధివీధికీ మారు వడ్డించే హోటల్ అని. ఫొటో తీయడానికి వచ్చినప్పుడు ఓనరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గరిటె పట్టుకున్నాడు. సాంబారు గరిటె తీసి అన్నం బకెట్లో పెట్టాడు. పని తెలిసినవాళ్ళు చూస్తే ఇప్పటికీ నవ్వుతారు. ఫొటోలో నేనూ ఉన్నాను, మోచేయి వరకు. కింద అతని మాటలు వేశారు. ఈ కష్టకాలంలో ఎవరూ అర్ధాకలితో ఉండకూడదని ఆ ఆలోచన తనకే వచ్చిందట.

పేపరు పట్టుకుని నేరుగా గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళాను.

"పోలీసాయప్ప ముందర నాదంటివి. పేపర్లో నీదంటివి. ఏది నిజం?"

"అన్నా, ఆ పొద్దు బయంతో అన్నా. ఈ పొద్దు యాపారం కోసం అన్నా. అవన్నీ మనసులో పెట్టుకుంటారా ఎవురన్నా?"

"నేను పెట్టుకుంటా," అన్నాను.

అతను నవ్వి ఫోన్ ఎత్తుకున్నాడు.

ఆ తర్వాత ఇంకోసారి మూత, ఇంకోసారి తెరుపు, అదంతా మీకు తెలిసిందే. చివరికి కొండకు జనం రావడం మొదలైంది. మా హోటల్‌కు రంగులు వేశారు, టేబుళ్ళు మార్చారు. తెరిచే రోజు నన్ను రమ్మన్నారు. నాతో పాటు సప్లయర్లందరూ వస్తారనుకుని ముందే వెళ్ళాను. లోపల కౌంటర్లు కట్టి ఉన్నాయి. టోకెన్లు, ట్రేలు, గుంటల పళ్ళేలు. మనిషి మనిషికి దూరంగా ఉండాలి, ఇక నుంచి ఇదే పద్ధతి అన్నారు. నాకు శాలువా కప్పి, ఇక విశ్రాంతి తీసుకోమన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి పని తీసేయడం ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. వంటమాస్టరు వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చప్పట్లు కొట్టనివాడు అతనొక్కడే.

ఎవరూ పిలవకపోయినా పుత్తూరు వాడు వచ్చాడు. హోటల్ తెరుస్తున్నారని పేపర్లో చూసి వచ్చాడట. తెల్ల యూనిఫారం ఉతికి ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుని వచ్చాడు. ట్రేలు పట్టుకుని నడుస్తున్న జనాన్ని గుమ్మం నుంచి కాసేపు చూశాడు.

"నా పని యాడుండాదన్నా?" అన్నాడు.

ఓనరు దగ్గరికి తీసుకెళ్ళాను. చుట్టాలతో మాట్లాడుతున్నాడు, ఒక్క నిమిషం అని చెయ్యి చూపించాడు. మేం నిలబడ్డాం. సాయంత్రం దాకా ఆ నిమిషం రాలేదు. వాడు బస్సెక్కి వెళ్ళిపోయాడు. గుజ్జు ఫ్యాక్టరీలో వాడి చోటు వేరేవాళ్ళకు ఎప్పుడో ఇచ్చేశారు. ఇప్పుడు పుత్తూరు మార్కెట్లో మూటలు మోస్తున్నాడు. ఆ చేతులు మూటలు మోసేవి కావు.

యాపారం పద్ధతులు మారతాయి, నాకు తెలియనిది కాదు. మీ వయసువాళ్ళకు ట్రే పట్టుకోవడం సుఖంగానే ఉండొచ్చు, ఎవడో వచ్చి నెత్తిన నిలబడడం మీకు నచ్చకపోవచ్చు. ఈ మధ్య ఒకసారి డబ్బు కట్టి లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఎదుటి టేబుల్ దగ్గర పల్లెటూరి ముసలమ్మ ఒకామె అన్నం అయిపోయి, పళ్ళెం అంచు వేలితో తుడుస్తూ అటూ ఇటూ చూసింది. ఇంకా కావాలంటే పళ్ళెం ఎత్తుకుని మళ్ళీ వరసలో నిలబడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నిలబడేది కాదు. లేచి చెయ్యి కడుక్కుంది. చెయ్యి కడుక్కునే చోట, అద్దం పక్కన, ఆ పేపరు కటింగు ఫ్రేము కట్టి పెట్టారు.

ఓనరూ, నువ్వు పేపర్లు చదువుతావని నాకు తెలుసు, నీ గురించి వచ్చినవైతే తప్పక చదువుతావు. ఇది నీ గురించే. పోలీసు ముందు బకెట్ నాదన్నావు, పేపరువాళ్ళ ముందు నీదన్నావు. రెండూ ఒకేసారి నిజం కాలేవు, ఒకటి ఎంచుకో. నాదైతే ఆ గోడ మీది ఫ్రేము దించు. నీదైతే, దాన్ని ఎండలో మోసినవాళ్ళు నీ పని చేసినవాళ్ళు, నీ మాట మీద ఇంకో పని వదులుకున్నవాళ్ళు. వాళ్ళను ఎందుకు పిలవలేదో చెప్పు. ఫోన్‌లో వద్దు, శాలువాలతో వద్దు. పుత్తూరు మార్కెట్ ఎక్కడుందో నీకు తెలుసు. నేను కూడా వస్తాను. వాడి ఎదురుగా నిలబడి చెప్పు.